కానో నగరము: ఎమీరు, గవర్నరు

దర్బారు అన్న మాట మనకు క్రొత్త కాదు. సంస్థానముల ముచ్చటలు చెప్పే పెద్దలున్న ఇండ్లలో పిల్లలు కూడ దానిని విని ఉంటారు. ఆ మాట మన దేశమునుండి సముద్రములు దాటి పశ్చిమాఫ్రికాకు పోయి, అక్కడ ఒక పండుగ పేరుగా స్థిరపడినదన్న సంగతి మాత్రము మనలో పలువురకు తెలియదు. ఉత్తర నైజీరియాలోని కానో నగరములో రంజానుకును, బక్రీదుకును నాలుగు దినములపాటు జరిగే అశ్వోత్సవమునకు దర్బారు అని పేరు. ఇండియాలో తాము జరిపిన కొలువుల పేరును బ్రిటిషు అధికారులు అక్కడకు తీసికొనిపోయినారు. హౌసా భాషలో మాత్రము దానిని "హవాన్ సల్లా" అంటారు. పండుగ సవారి అని దాని అర్థము.

ఈ నాలుగు దినములలో మూడవ దినమును మనము కొంచెము నిదానించి చూడవలెను. ఆ నాడు కానో ఎమీరు, అనగా ఆ నగరపు పారంపర్య ప్రభువు, వందలాది రౌతులు వెంట రాగా తన కోటనుండి బయలుదేరి, పాత నగరము దాటి, నస్సరావా అనే పేటలోని గవర్నరు భవనమునకు పోతాడు. గవర్నరు ఆయనను స్వాగతించి కూర్చుండబెడతాడు. ఇద్దరును ప్రసంగిస్తారు. తరువాత ఎమీరు తిరిగి కోటకు చేరుకుంటాడు. దీనికి "హవాన్ నస్సరావా" అని పేరు. కట్టబట్టలు, గుర్రపు జీనులు, బాకాలు చూచి మురిసేవారు మురుస్తారు. మనకు తోచే ప్రశ్న వేరు. వేయేండ్ల సింహాసనము మీద కూర్చున్నవాడు, నాలుగేండ్లకొకసారి ఓట్లతో వచ్చేవాని యింటికి ఎందుకు పోవలెను? దీనికి సమాధానము వెదికినచో కానో రాష్ట్ర చరిత్ర చాలవరకు మన చేతికి వస్తుంది.

ముందుగా రాష్ట్రమును గురించి రెండు మాటలు. నైజీరియా సమాఖ్యలో 36 రాష్ట్రములు, వానికి తోడు రాజధాని అబూజా ప్రాంతము ఉన్నవి. 1967 మే 27న సైనికాధినేత గోవన్ అంతకుముందున్న నాలుగు ప్రాంతములను రద్దుచేసి పన్నెండు రాష్ట్రములను ఏర్పరచినప్పుడు కానో ఒక రాష్ట్రమైనది. 1991 ఆగస్టు 27న తూర్పు భాగమును వేరుచేసి జిగావా రాష్ట్రముగా చేసినారు. మిగిలిన కానో విస్తీర్ణము ఇరవైవేల చదరపు కిలోమీటర్లకు కొంచెము పైన. జనసంఖ్య 2006 లెక్కల ప్రకారము 93 లక్షలకు మించినది. జనులలో అత్యధికులు హౌసా భాష మాట్లాడే ముస్లిములు. సహారా ఎడారికి దక్షిణమున ఉన్న గడ్డిభూముల సీమ యిది. వానలు ఏడాదిలో నాలుగైదు నెలలే. తక్కిన కాలములో ఎడారినుండి వీచే దుమ్ముగాలి ఊరి రంగునే మార్చివేస్తుంది.

ఊరు పుట్టుక దలా అనే గుట్ట దగ్గర జరిగినదంటారు. అక్కడ ఇనుము కరగించే కమ్మరులు మొదట కాపురమున్నారని ఐతిహ్యము. అరబ్బీలో వ్రాసిన కానో రాజుల వృత్తాంతము ప్రకారము తొలి రాజు బగౌడా క్రీ.శ. 999లో ఏలుబడికి వచ్చినాడు. ఇట్టి తేదీలను గీచి గీచి నిజమని చెప్పుట కష్టము గాని, పదునొకండవ శతాబ్దము చివర మొదలై పండ్రెండవ శతాబ్దములో ముగిసిన మట్టిగోడలను మాత్రము ఎవరును కాదనలేరు. వాని శిథిలములు నేటికీ ఉన్నవి. పదునాలుగవ శతాబ్దములో యాజి అనే రాజు కాలమున మాలీ దేశపు వర్తకులతో పాటు ఇస్లాము వచ్చినది.

రాజులలో మనము పేరు పెట్టి చెప్పుకొనవలసినవాడు ముహమ్మదు రుంఫా. 1463 నుండి 1499 వరకు ఏలినాడు. గోడలను ముందుకు జరిపి ఊరిని పెంచినాడు. కుర్మీ అనే సంత పెట్టించినాడు. తొమ్మండుగురు పెద్దలతో మంత్రాలోచన సభను ఏర్పరచినాడు. ఉత్తరాఫ్రికానుండి అల్ మఘీలీ అనే పండితుని పిలిపించి, రాజులు నడచుకొనవలసిన తీరును గురించి గ్రంథము వ్రాయించుకొన్నాడు. ఆయన కట్టించిన కోటకు గిదాన్ రుంఫా అని పేరు. రుంఫాగారి యిల్లు అనుకొనవచ్చును. ఐదువందల ఏండ్లు దాటినను ఎమీరుల నివాసము అదే. కోఫర్ మాతా ద్వారము దగ్గర నీలిమందు అద్దకపు గుంతలు కూడ ఆ కాలమువే, 1498 నాటివని చెబుతారు. నేల లోతుగా త్రవ్విన గుండ్రని గుంతలలో నీలిమందు, బూడిద, నీరు కలిపి పులియబెట్టి, బట్టను పలుమార్లు ముంచి తీసి ఆరవేస్తారు. ఎన్నిసార్లు ముంచితే అంత ముదురు రంగు. 1851లో అక్కడకు వచ్చిన జర్మను యాత్రికుడు బార్త్ ఊరిలో ముప్పదివేల జనమున్నారని, వర్తకపు రుతువులో అది రెట్టింపగునని అంచనా కట్టినాడు. కానో బట్ట ఉత్తరమున మధ్యధరా తీరమున ఉన్న ట్రిపోలీ వరకు పోతుండుట చూచి ఆయన ఆశ్చర్యపడినాడు.

ఇక సింహాసనము సంగతి. 1804లో ఉస్మాన్ దన్ ఫోదియో అనే ఫులానీ మతాచార్యుడు హౌసా రాజులపై ధర్మయుద్ధము ప్రకటించినాడు. 1807లో కానో ఆయన అనుచరుల వశమైనది. పాత రాజవంశము అంతరించినది. సులైమాను తొలి ఫులానీ ఎమీరు. అప్పటినుండి కానో స్వతంత్ర రాజ్యము కాదు, సొకోటో ఖలీఫా క్రింది ఎమీరు ఏలుబడి. ఎమీరు తలపాగా కట్టించుకొనవలెనంటే సొకోటో ఒప్పుకొనవలెను. పదవి పాతదే, దానిని ఇచ్చే చేయి మాత్రము వెలుపలిది. కానో కథలో మనము ఇచ్చటనుండి మరువరాని సూత్రము ఇదే.

ఆ చేయి ఊరికి నచ్చనివానిని చూపినప్పుడు ఏమి జరుగుతుందో 1893లో తేలినది. సొకోటో ఖలీఫా తుకూర్ అనువానిని ఎమీరుగా నియమించినాడు. జనము యూసుఫ్ అనువానిని కోరినారు. అంతర్యుద్ధము లేచినది. కానో వారు దానిని "బసాసా" అంటారు. యూసుఫ్ నడుమనే మరణించినను ఆయన పక్షము ఓడలేదు. 1894లో అలియూ అనే ఆయన కోటను పట్టి సింహాసనమెక్కినాడు. ఖలీఫా కడకు దానిని ఒప్పుకొనక తప్పలేదు.

అలియూ ఎక్కువ కాలము నిలువలేదు. 1903 ఫిబ్రవరిలో ఆయన సేనతో సొకోటోకు పోయి ఉండగా బ్రిటిషు ఫిరంగులు కానో గోడను ఛేదించినవి. ఆయనను పట్టుకొని లొకోజాకు ప్రవాసము పంపి, అబ్బాసును ఎమీరుగా నిలిపినారు. ఈ పని జరిపించిన హైకమిషనరు ఫ్రెడరిక్ లుగార్డు 1858లో మన చెన్నపట్టణములోనే పుట్టినవాడు. ఆయన నెలకొల్పిన పద్ధతిని పరోక్ష పాలన అంటారు. ఎమీరును తీసివేయకుండ, ఆయన చేతనే పన్నులు వసూలు చేయించి, ఆయన న్యాయాధికారుల చేతనే తీర్పులు చెప్పించి, ప్రక్కన ఒక రెసిడెంటును కూర్చుండబెట్టుట దాని సారము. హైదరాబాదులో రెసిడెన్సీ భవనమును చూచిన మనకు ఇంతకంటె వివరము అక్కరలేదు. కానోలో రెసిడెంటు గోడ వెలుపల నస్సరావాలో కాపురముండెను. పండుగ మూడవనాడు ఎమీరు అక్కడకు పోయి పలుకరించి వచ్చుట అట్లు మొదలైనది. దొర పోయిన తరువాత అదే పేటలో గవర్నరు వచ్చి కూర్చున్నాడు. దారి మారలేదు.

1911లో లేగోసునుండి రైలు కానోకు చేరినది. మాంచెస్టరు మిల్లులకు ప్రత్తి వస్తుందని దొరల ఆశ. హౌసా రైతు లెక్క వేరు. ప్రత్తికంటె వేరుసెనగకు ధర బాగుగా పలుకుచున్నదని చూచి, ఆ పంటనే వేసినాడు. కరవు ఏడాదిలో తాను తినుటకైనను పనికివచ్చును గదా! రాయలసీమ రైతు ఈ తర్కమును వెంటనే గ్రహిస్తాడు. రైలుబండ్లకు అందనంత సరుకు వచ్చి, బస్తాలను పిరమిడ్ల వలె పేర్చి నిలువ ఉంచేవారు. ఆ వేరుసెనగ పిరమిడ్లు నైజీరియా నోట్ల మీదను, తపాలాబిళ్ళల మీదను కూడ అచ్చైనవి. 1970 దశకములోని అనావృష్టి, 1975లో మొక్కలకు తగిలిన రోజెట్ తెగులు, పెట్రోలు రాబడి వచ్చిన తరువాత ప్రభుత్వమునకు వ్యవసాయముపై కలిగిన అశ్రద్ధ, ఈ మూడును కలిసి వానిని మాయము చేసినవి.

రైలుతో పాటు దక్షిణమునుండి గుమాస్తాలు, వర్తకులు వచ్చినారు. వారిలో ఇగ్బోలు, యొరుబాలు ఎక్కువ. వారికి గోడ వెలుపల సాబన్ గరి, అనగా క్రొత్త ఊరు, అనే పేటను కేటాయించినారు. వచ్చినవారిని వేరుగా ఉంచిన ఈ ఏర్పాటునకు తరువాతి తరము మూల్యము చెల్లించినది. 1953 మేలో అక్కడ జరిగిన అల్లర్లలో పలువురు చనిపోయినారు. 1966లో ఉత్తరాదిన ఇగ్బోలపై జరిగిన హత్యాకాండలో కానో కూడ ఒకటి. ఆ ఘోరమే మరుసటి ఏడు మొదలైన అంతర్యుద్ధమునకు ముఖ్య కారణములలో ఒకటైనది.

రేడియో పెట్టె ఇంటనున్న మన పాఠకులకు ఒక చిన్న ముచ్చట. కానోలో 1944లో తీగల ద్వారా రేడియో ప్రసారము మొదలైనప్పుడు, ఇండ్లలోకంటె ముందు బహిరంగ స్థలములలో లౌడుస్పీకర్లు పెట్టినారు. ఎమీరు కోట వెలుపలి గోడ వానిలో ఒకటి. రాజాజ్ఞను తప్పెట వేసి చాటిన చోటనే యుద్ధవార్తలు వినబడినవి.

పరోక్ష పాలనలో పోలీసులు, జైలు, కోర్టు, బొక్కసము అన్నియు ఎమీరు అధికారమునకు లోబడినవే. ఆయన క్రింద జిల్లా పెద్దలు, వారి క్రింద గ్రామపెద్దలు. ఈ నిచ్చెనలో అట్టడుగు మెట్టున ఉన్నవానిని హౌసాలో "తలకా" అంటారు, బహువచనము "తలకావా". సామాన్య ప్రజ అని అర్థము. వారి పక్షమున నిలిచినవాడు అమీను కానో. 1920లో పండితుల కుటుంబములో పుట్టి, లండనులో ఉపాధ్యాయ శిక్షణ పొంది వచ్చి, 1950 ఆగస్టులో కానోలో ఏర్పడిన ఉత్తర ప్రాంత ప్రగతి సంఘమునకు నాయకుడైనాడు. దానిని నెపు అనే పొడి అక్షరములతో పిలిచేవారు. ఖురానును చదివిన పండితుడే, ఆ గ్రంథము పేరిటనే, ప్రభువుల అన్యాయమును ప్రశ్నించుట జనమునకు క్రొత్తగా తోచినది. ఎమీరుల కోర్టులు ఆ పార్టీ వారిని పలుమార్లు జైలుకు పంపినవి. స్త్రీలకు ఓటు హక్కు ఇవ్వవలెనని కూడ ఈ పార్టీ అడిగినది. ఉత్తరాదిన ఆ హక్కు 1976 వరకు రాలేదు. ఆయన 1983 ఏప్రిలులో మరణించినాడు. విమానాశ్రయమునకు ఆయన పేరే పెట్టినారు.

స్వాతంత్ర్యము 1960లో వచ్చినది. ఎమీరును నియమించే చేయి మరల మారినది. ఈ సారి అది కడూనాలో ఉన్న ఉత్తర ప్రాంత ప్రధాని అహ్మదు బెల్లోది. కానో ఎమీరు మొదటి ముహమ్మదు సనూసీ పలుకుబడి కలవాడు, అభిమానవంతుడు. ప్రధానికిని ఆయనకును పొసగలేదు. కానో బొక్కసపు లెక్కలపై విచారణ జరిపించి, 1963లో ఆయన చేత గద్దె దిగిపోవునట్లు చేసినారు. ఆయన అజారే అనే చిన్న ఊరికి ప్రవాసము పోయినాడు. తరువాత కొద్ది నెలలే ఏలిన ఇనువా మరణించగా, సనూసీ తమ్ముడు అదో బయేరో సింహాసనమెక్కి 2014 వరకు, అనగా యాభై ఏండ్లకు పైగా ఏలినాడు.

అదో బయేరో కాలములోనే ఎమీరు చేతిలోని అధికారములు ఒక్కొక్కటే జారిపోయినవి. రాష్ట్రము ఏర్పడిన తరువాత ఎమీరుల పోలీసు దళమును కేంద్రములో కలిపినారు. కోర్టులు, జైళ్ళు ప్రభుత్వము క్రిందికి పోయినవి. 1976 స్థానిక పాలనా సంస్కరణతో ఊరి పరిపాలన ఎన్నుకొన్న మండలులకు చేరినది. 1978 శాసనముతో భూమిపై అధికారము గవర్నరుకు దక్కినది. 1979లో ఎన్నికైన గవర్నరు అబూబకర్ రిమీ అమీను కానో పార్టీవాడు. ఆయన తల పన్నును, పశువుల పన్నును రద్దు చేసినాడు. నాలుగు క్రొత్త ఎమీరేటులను సృష్టించి కానో ఎమీరు సీమను తగ్గించినాడు. 1981 జూలైలో, మర్యాద తప్పినందుకు సంజాయిషీ ఇమ్మని అదో బయేరోకు తాఖీదు పంపించినాడు. జూలై 10న జనము తిరుగబడినది. ప్రభుత్వ కార్యాలయములను, రాష్ట్ర రేడియో కేంద్రమును తగులబెట్టినారు. గవర్నరు రాజకీయ సలహాదారు డాక్టరు బాలా ముహమ్మదును చంపివేసినారు. తమ పన్నులు కొట్టివేసిన గవర్నరు మీదనే సామాన్య జనము విరుచుకుపడుట ఆలోచింపదగిన విషయము. 1983లో రిమీ తరువాత వచ్చిన గవర్నరు ఆ క్రొత్త ఎమీరేటులను తీసివేసినాడు.

నేటి ప్రభుత్వ స్వరూపము 1999 రాజ్యాంగము ననుసరించినది. గవర్నరును ప్రజలు నాలుగేండ్లకు ఎన్నుకొంటారు. రెండు పర్యాయములకు మించి ఉండరాదు. శాసనసభలో 40 మంది సభ్యులు. స్థానిక పాలనా మండలములు 44. నైజీరియాలో మరే రాష్ట్రమునకును అన్ని లేవు. హైకోర్టుతో పాటు షరియా అప్పీలు కోర్టు ఉన్నది. 2000లో షరియాను శిక్షాస్మృతికి కూడ వర్తింపజేసినారు. దానిని కనిపెట్టి చూచుటకు 2003లో హిస్బా అనే ప్రభుత్వ మండలి ఏర్పడినది. 1960 దశకమున కళాశాలగా మొదలైన బయేరో విద్యాపీఠము 1977లో విశ్వవిద్యాలయమైనది. హౌసా చలనచిత్ర పరిశ్రమ కేంద్రమును కానివుడ్ అంటారు. 1950 దశకమునుండి అక్కడి సినిమాహాళ్ళలో ఆడిన హిందీ చిత్రముల పాటల బాణీ, పెండ్లి తగవులు ఆ చిత్రములలో స్పష్టముగా కనబడతవి. వానిపై రాష్ట్ర సెన్సారు కూడ గట్టిదే.

ఈ రాజ్యాంగములో ఎమీరుకు పరిపాలనాధికారమేమియు లేదు. ఐనను ఆయన మాట ఎక్కడ పనిచేస్తుందో పోలియో కథ చూపినది. 1996లో మెదడువాపు వ్యాపించినప్పుడు ఒక విదేశీ మందుల కంపెనీ కానో పిల్లలపై క్రొత్త మందును పరీక్షించి, తరువాత కోర్టులకెక్కవలసి వచ్చినది. ఆ భయము ఆరని జనములో, పోలియో చుక్కలలో హాని ఉన్నదన్న మాట దావాగ్ని వలె వ్యాపించినది. 2003లో రాష్ట్ర ప్రభుత్వము చుక్కలను నిలిపివేసినది. వ్యాధి ఇతర దేశములకు కూడ ప్రాకినది. 2004లో గవర్నరు షెకరావు తన బిడ్డకే అందరి ఎదుట చుక్కలు వేయించి కార్యక్రమమును మరల మొదలుపెట్టినాడు. కాని తలుపు మూసికొన్న ఇంటిముందు నిలిచి, లోనివారిని నచ్చజెప్పినవారు ఎమీరుల క్రింది జిల్లా పెద్దలు, పేట పెద్దలు. 2020 ఆగస్టులో ఆఫ్రికా ఖండమునుండి సహజ పోలియో తొలగినదని ప్రకటించినారు. ఆ పనిలో జీతభత్యముల ఉద్యోగులకంటె ఈ పాత నిచ్చెన తక్కువ పనిచేయలేదని మా అభిప్రాయము.

అందువలననే ఆ గద్దె మీద ఎవరు కూర్చుండవలెనన్నది నేటికీ పెద్ద తగవు. ఆచారము ప్రకారము మదాకి, మకామా, సర్కిన్ దవాకి, సర్కిన్ బాయి అనే నలుగురు పెద్దలు పేర్లు సూచిస్తారు. ఒకనిని గవర్నరు నియమిస్తాడు. 2014లో అదో బయేరో మరణించగా, 1963లో గద్దె దిగిన సనూసీ మనుమడే, నైజీరియా కేంద్ర బ్యాంకుకు గవర్నరుగా పనిచేసిన సనూసీ, రెండవ ముహమ్మదు సనూసీ పేరిట ఎమీరైనాడు. బాలికల చదువు, బాల్య వివాహములు, ప్రభుత్వ వ్యయము మొదలైన విషయములపై నోరు మూసికొని ఉండే స్వభావము కాదు. 2019లో గవర్నరు గండూజే కానో ఎమీరేటును ఐదుగా విభజించినాడు. 2020 మార్చి 9న సనూసీని తొలగించినాడు. తాతవలె మనుమడును ప్రవాసము పోవలసి వచ్చినది. అదో బయేరో కుమారుడు అమీను ఎమీరైనాడు. 2023లో ఎదుటి పార్టీకి చెందిన అబ్బా యూసుఫ్ గవర్నరుగా వచ్చినాడు. 2024 మే 23న శాసనసభ 2019 శాసనమును రద్దు చేసినది. సనూసీ మరల కోటలో ప్రవేశించినాడు.

అమీను ఒప్పుకొనలేదు. నస్సరావాలోని చిన్న కోటలో ఆయన కాపురము పెట్టి, తానే ఎమీరునన్నాడు. ఇద్దరును ఒకే కుటుంబము వారు. మన లెక్కలో చెప్పవలెనంటే అమీను సనూసీకి వరుసకు పినతండ్రి. ఇద్దరును పుట్టినది 1961లోనే. గవర్నరు కాని శాసనసభ కాని గాక, కేంద్ర ప్రభుత్వము చేతిలోని పోలీసులు నడుమ నిలిచినారు. వ్యాజ్యములు రాష్ట్ర హైకోర్టులోను, కేంద్ర హైకోర్టులోను వేరువేరు తీర్పులతో నడచి అప్పీలు కోర్టుకెక్కినవి. 1893లో కత్తులతో తేల్చుకొన్న ప్రశ్ననే ఈ సారి వకీళ్ళ చేత అడిగించినారు.

2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ కానో దర్బారును మానవజాతి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది. ఆ యేడు జూనులో బక్రీదుకును, మరుసటి యేడు మార్చిలో రంజానుకును, శాంతిభద్రతల కారణముగా దర్బారు జరుపరాదని కానో పోలీసులు నిషేధించినారు.